కంప్రెషన్ పడిపోయిన టూ స్ట్రోక్ క్వాడ్ బైక్: పిస్టన్ కొనే ముందు కారణం వెతకండి

ఈ నెల ఇంజిన్ల శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నెల్లూరు, ప్రకాశం జిల్లాల సముద్రతీర గ్రామాలవే. రొయ్యల చెరువుల గట్ల మీద, సరుగుడు తోటల మధ్య, బీచ్‌ల్లో తిరిగే నాలుగు చక్రాల టూ స్ట్రోక్ క్వాడ్ బైకులు దాదాపు ఒకే జబ్బుతో మూలపడుతున్నాయి: కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి, పడిపోవడం. మొదటి ఉత్తరానికి వివరంగానూ, మిగిలినవాటికి అవసరమైనంత మేరకూ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది ఇందుకూరుపేట మండలంలో మైపాడు దగ్గర ఒక పల్లె. చెరువుల గట్ల మీద తిరగడానికి పాత యమహా బ్లాస్టర్ 200 క్వాడ్ బైక్ ఒకటి కొన్నాను. ఏడాదిగా ఉదయం పూట ఎన్ని కిక్కులు కొట్టినా స్టార్ట్ కావడం లేదు. కిక్ కొడితే కాలికి బరువు తగలదు. ఒకసారి స్టార్ట్ అయితే నడుస్తుంది కానీ, ఇసుకలో లాగే శక్తి పోయింది. నెల్లూరులో మెకానిక్‌కు చూపిస్తే రింగులు పోయాయని చెప్పి కొత్తవి వేశారు. రెండు నెలలు బాగానే నడిచి మళ్లీ మొదటికి వచ్చింది. ఇప్పుడు గేజ్ పెట్టి చూసి 70 పీఎస్‌ఐ వస్తోందని, పిస్టన్ కిట్ మొత్తం మార్చాలని అంటున్నారు. మరొకరు బోరు చేయించమంటున్నారు. వాల్వులు కూడా చూపించుకోమని మా బంధువు ఒకరి సలహా. ఎవరి మాట వినాలి?

జవాబు: ముందుగా మీ బంధువు గారి సలహా సంగతి చూద్దాం. మీ బండి ఇంజిన్ హెడ్‌లో వాల్వులు లేవు. బ్లాస్టర్ 195 సీసీ ఎయిర్ కూల్డ్ టూ స్ట్రోక్ ఇంజిన్. దాని బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, 66 మిల్లీమీటర్లు; స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, 57 మిల్లీమీటర్లు. 1988 నుంచి 2006 వరకు తయారైన ఈ బండిలో సిలిండర్ గోడకు ఉన్న కిటికీల వంటి పోర్టులను పిస్టనే పైకీ కిందికీ కదులుతూ మూస్తుంది, తెరుస్తుంది. కార్బురేటర్ వెనుక ఉండే రీడ్ వాల్వ్ ఇంజిన్ కింది గదిలోకి, అంటే క్రాంక్ గదిలోకి గాలి రావడానికి మాత్రమే పనికివస్తుంది. కనుక ఫోర్ స్ట్రోక్ బండ్లలో వాల్వులు కాలిపోయి కంప్రెషన్ పోవడం అనే సమస్య మీకు లేదు. మీ ఇంజిన్‌లో కంప్రెషన్ తప్పించుకోగల దారులు కొన్నే: పిస్టన్‌కూ సిలిండర్‌కూ మధ్య రింగుల పక్కనుంచి, హెడ్ గాస్కెట్ నుంచి, ప్లగ్గు మర నుంచి, అరుదుగా పిస్టన్ తలకు పడిన రంధ్రం నుంచి. దారులు ఇన్నే కాబట్టి, ఓపికగా చూస్తే కారణం తప్పకుండా దొరుకుతుంది. రెండు నెలలకే రింగులు మళ్లీ పోయాయంటే ఆ కారణాన్ని ఇంతవరకు ఎవరూ వెతకలేదని అర్థం. అది తెలియకుండా పిస్టన్ కిట్ వేయించినా అదే గతి పడుతుంది.

అసలు ఆ 70 అనే అంకె నిజమైనదేనా అన్నది మొదట తేల్చుకోవాలి. కంప్రెషన్ గేజ్ తప్పుగా వాడితే మంచి ఇంజిన్ కూడా చెడ్డదిగా కనిపిస్తుంది. ప్లగ్గు తీసి, దాని వైరును మరో ప్లగ్గుకు తగిలించి ఇంజిన్ లోహానికి ఆనించి ఉంచాలి. అలా చేయకపోతే స్పార్క్ పుట్టించే సీడీఐ యూనిట్ దెబ్బతినే ప్రమాదం ఉంది. గేజ్ రబ్బరు కొనను చేత్తో అదిమి పట్టుకునే రకం కాకుండా, 14 మిల్లీమీటర్ల ప్లగ్గు మరలో బిగించే రకం కావాలి. చోక్ వేయకూడదు, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టుకోవాలి. చాలా చోట్ల పొరపాటు ఇక్కడే జరుగుతుంది. యాక్సిలరేటర్ మూసి ఉంచి కిక్ కొడితే సిలిండర్‌లోకి తగినంత గాలి చేరదు, అంకె తక్కువగా వస్తుంది. ముల్లు ఇక పైకి వెళ్లకుండా ఆగే వరకు బలంగా, ఆపకుండా కిక్కులు కొట్టాలి. వీలైతే ఇంజిన్ కాస్త వేడిగా ఉన్నప్పుడు కొలవాలి.

గేజ్ నిర్మాణం కూడా చూడండి. గొట్టంలో గాలి వెనక్కి రాకుండా ఆపే చిన్న వాల్వు పిన్ను ఒకటి ఉంటుంది. అది ప్లగ్గు రంధ్రంలో బిగించే కొసలోనే ఉండాలి. కార్ల కోసం తయారైన కొన్ని గేజ్‌లలో అది పైన డయలు దగ్గర ఉంటుంది. అటువంటి గేజ్ వాడినప్పుడు గొట్టం లోపలి ఖాళీ అంతా దహన గదిలో కలిసిపోతుంది. పెద్ద కారు సిలిండర్‌కు అది లెక్కలోకి రాదు కానీ, చిన్న టూ స్ట్రోక్ ఇంజిన్‌లో అంకెను బాగా తగ్గించేస్తుంది. అందుకే, అదే గేజ్‌తో బాగా నడుస్తున్న మరో టూ స్ట్రోక్ బండిని కూడా కొలవమని మీ మెకానిక్‌ను అడగండి. ఊళ్లో ఆర్‌ఎక్స్ 100 ఒకటైనా దొరకకపోదు. దాని మీద కూడా అంకె అంతే తక్కువగా వస్తే తప్పు గేజ్‌ది.

కొలత సరిగ్గానే ఉంటే, ఈ తరహా ఇంజిన్ మంచి స్థితిలో ఉన్నప్పుడు సాధారణంగా 110 నుంచి 140 పీఎస్‌ఐ మధ్య చూపిస్తుంది. మీ మెకానిక్ గేజ్‌లో చదరపు సెంటీమీటరుకు కిలోల లెక్క ఉంటే 7.7 నుంచి 9.8 వరకు అన్నమాట. 90 దగ్గరికి వచ్చేసరికి ఉదయం పూట స్టార్ట్ కావడానికి మొండికేస్తుంది. 70 నిజమే అయితే ఇంజిన్ విప్పక తప్పదు. అయితే ఒక్క అంకె కంటే అంకెల వరుస ఎక్కువ చెబుతుంది. రిపేరు అయిన వెంటనే ఒకసారి, ఆ తర్వాత నెలకోసారి అదే గేజ్‌తో కొలిచి రాసిపెట్టుకుంటే, అరుగుదల ఎంత వేగంగా సాగుతోందో మీకే తెలుస్తుంది.

ప్లగ్గు రంధ్రంలో కాస్త ఆయిల్ పోసి మళ్లీ కొలవడం మన మెకానిక్‌లలో చాలామందికి తెలిసిన పరీక్షే. అంకె పెరిగితే లోపం రింగుల్లో, పెరగకపోతే గాస్కెట్‌లో అని చెబుతారు. సూత్రం సరైనదే కానీ, టూ స్ట్రోక్‌లో దాన్ని చాలా జాగ్రత్తగా వాడాలి. 200 సీసీ ఇంజిన్‌లో పిస్టన్ పైకి చేరినప్పుడు మిగిలే చోటు సుమారు 20 మిల్లీలీటర్లే. అందులో ఒక టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్ల ఆయిల్ పోస్తే పావు వంతు చోటు నిండిపోతుంది. అప్పుడు రింగులు ఎలా ఉన్నా అంకె పెరిగే తీరుతుంది. కనుక ఒక మిల్లీలీటరుకు మించకుండా, ఇంజక్షన్ సిరంజితో సిలిండర్ గోడ మీద పడేలా పోసి, ప్లగ్గు రంధ్రానికి గుడ్డ అడ్డం పెట్టి రెండు మూడు సార్లు నెమ్మదిగా కిక్ తిప్పిన తర్వాత కొలవాలి. ఈ పరీక్ష ఒక సూచన ఇస్తుందే తప్ప తీర్పు చెప్పదు.

అసలైన సాక్ష్యం సైలెన్సర్ విప్పితే దొరుకుతుంది. టూ స్ట్రోక్‌లో ఉన్న పెద్ద సౌకర్యం ఇదే, అయినా దీన్ని వాడుకునేవారు తక్కువ. సైలెన్సర్‌ను సిలిండర్ నుంచి విడదీసి, ఎగ్జాస్ట్ పోర్టులోకి టార్చి వేసి, కిక్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పండి. పిస్టన్ పక్క గోడ, దానిపైన రింగులు వరుసగా మీ కళ్ల ముందుకు వస్తాయి. పిస్టన్ మీద నిలువు గీతలు పడి, అల్యూమినియం పూసినట్లు కనిపిస్తే ఇంజిన్ ఎప్పుడో ఒకసారి వేడెక్కి పట్టేసిందని అర్థం. రింగు పోర్టు దగ్గరికి వచ్చినప్పుడు సన్నని చెక్క పుల్లతో మెల్లగా నొక్కండి. లోపలికి వెళ్లి స్ప్రింగులా తిరిగి వస్తే రింగు స్వేచ్ఛగా ఉన్నట్లు. కదలకుండా ఉంటే మసి, గట్టిపడిన ఆయిల్ దాన్ని గాడిలోనే బిగించేశాయి. అటువంటి రింగు కొత్తదే అయినా సిలిండర్ గోడను తాకదు. వాషరు ఎండిపోయిన సైకిలు పంపుతో ఎంతసేపు కొట్టినా గాలి ఎక్కనట్లే ఉంటుంది ఆ ఇంజిన్ పని.

హెడ్ విప్పే ముందు దాని చుట్టూ, ప్లగ్గు మొదట్లో సబ్బు నీళ్లు రాసి ఎవరినైనా కిక్ కొట్టమనండి. బుడగలు వస్తే గాస్కెట్ గానీ ప్లగ్గు వాషరు గానీ దొరికిపోయినట్లే. హెడ్ తీశాక గాస్కెట్ అంచు మీద లోపలి నుంచి బయటికి నల్లని చార ఉంటే వేడి వాయువులు ఆ దారినే పోతున్నాయి. అటువంటప్పుడు గాస్కెట్ ఒక్కటి మార్చి ఊరుకోకూడదు. హెడ్‌ను గాజు పలక మీద పరిచిన నీటి ఎమరీ కాగితంపై బోర్లించి, ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ రుద్దితే ఎక్కడ వంపు ఉందో తెలుస్తుంది. కాగితం తగలని చోటే పల్లం.

మీ ఉత్తరం చదివితే నాకు గాస్కెట్ కంటే ఇసుక మీదే ఎక్కువ అనుమానం కలుగుతోంది. మన తీరం ఇసుకలో సిలికా పాలు ఎక్కువ. కోట, చిల్లకూరు మండలాల సిలికా ఇసుక గాజు తయారీకి వెళ్తుందన్నది ఆ ప్రాంతం వారందరికీ తెలిసిన విషయమే. ఆ రేణువు సిలిండర్ ఇనుము కంటే గట్టిది. అది గాలితో పాటు కార్బురేటర్‌లోకి దిగితే ముందుగా ఇంజిన్ కింది గదిలోకి, అక్కడి నుంచి క్రాంక్ బేరింగుల మీదకి, ఆ తర్వాత పోర్టుల గుండా పైకి, అంటే పిస్టన్‌కూ సిలిండర్‌కూ మధ్యకి చేరుతుంది. ఫోర్ స్ట్రోక్‌లో దుమ్మును కొంతవరకైనా ఆయిల్ ఫిల్టర్ పట్టుకుంటుంది. టూ స్ట్రోక్‌లో అటువంటి రక్షణ లేదు. లోపలికి వెళ్లిన ప్రతి రేణువూ కదిలే ప్రతి భాగాన్నీ గీరుకుంటూనే బయటికి పోతుంది.

దీన్ని రుజువు చేసుకోవడానికి ఇంజిన్ కూడా విప్పనక్కర్లేదు. ఎయిర్ ఫిల్టర్ తీసి, కార్బురేటర్‌కు వెళ్లే రబ్బరు గొట్టం లోపల శుభ్రమైన తెల్ల గుడ్డను వేలికి చుట్టి తుడవండి. ఆ భాగం ఫిల్టర్ దాటిన తర్వాతిది, అక్కడ ఒక్క రేణువు కూడా ఉండకూడదు. గుడ్డ మీద గరగర తగిలితే మీ రింగులు రెండు నెలల్లో ఎందుకు పోయాయో తెలిసినట్లే. ఇంజిన్ విప్పాక పిస్టన్ వెనుక వైపు, అంటే కార్బురేటర్ వైపు గోడ మెరుపు పోయి మందకొడి బూడిద రంగులోకి మారి ఉంటే అదీ ఇసుక పనే. వేడెక్కి పట్టేసిన గుర్తులు ముందు వైపు, ఎగ్జాస్ట్ దగ్గర ఎక్కువగా ఉంటాయి. ఇసుక గుర్తులు వెనుక వైపు ఎక్కువ. మీ మెకానిక్ పాత పిస్టన్‌ను పారేయకుండా మీ చేతికి ఇచ్చేలా చూసుకోండి. ఇంజిన్ కథ అంతా దాని మీదే రాసి ఉంటుంది.

ఇక రింగులా, కిట్టా, బోరా అన్న ప్రశ్న. దీన్ని కొలతలు చెప్పాలి, మాటలు కాదు. రింగును సిలిండర్‌లో పెట్టి, పిస్టన్ తలతో కిందికి తోసి సమంగా నిలిపి, దాని రెండు కొసల మధ్య ఖాళీని ఫీలర్ గేజ్‌తో కొలవాలి. బోరు వ్యాసంలో ప్రతి 25 మిల్లీమీటర్లకు 0.1 మిల్లీమీటరు అనే లెక్క చాలా కాలంగా వాడుకలో ఉంది. దాని ప్రకారం మీ 66 మిల్లీమీటర్ల బోరుకు సుమారు 0.26 ఉండాలి. 0.6 దాటితే ఆ రింగు పనికిరాదు. కొత్త రింగు వేసినా ఖాళీ ఎక్కువే వస్తోందంటే అరిగింది సిలిండర్. సిలిండర్‌ను పైన, మధ్యలో, కింద మూడు చోట్ల, ముందు వెనుకలుగా ఒకసారి, కుడి ఎడమలుగా ఒకసారి బోర్ గేజ్‌తో కొలిపించండి. ఈ కొలతల మధ్య తేడా 0.05 మిల్లీమీటరు దాటితే బోరు గుండ్రంగా లేదని, లేదా పైకీ కిందికీ సమంగా లేదని అర్థం. అలాంటి బోరులో కొత్త రింగు ఒక చోట బిగుతుగా, మరో చోట వదులుగా నడుస్తూ త్వరగా అరిగిపోతుంది. మీకు జరిగింది అదే కావచ్చునని నా అభిప్రాయం.

అదృష్టవశాత్తూ మీ బండి సిలిండర్ లోపల ఇనుప స్లీవ్ ఉంది. దాన్ని బోరు చేయించి, 0.25 మిల్లీమీటర్ల మెట్లలో దొరికే ఓవర్ సైజ్ పిస్టన్ వేసుకోవచ్చు. నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఆ పని తెలిసిన లేత్ షాపులు ఉన్నాయి. అయితే పిస్టన్ ముందుగా కొని చేతికిచ్చి, దాన్ని కొలిచిన తర్వాతే బోరు చేయమనాలి. పిస్టన్‌తో వచ్చే కాగితంలో రాసిన క్లియరెన్స్‌నే పాటించాలి. బోరు తర్వాత హోనింగ్, అంటే లోపలి గోడను రాళ్లతో సన్నగా రుద్దడం, చేయించాలి. పోర్టుల అంచులు కత్తిలా పదునుగా మిగిలిపోతే రింగు అక్కడ తగులుకుని విరుగుతుంది. ఆ అంచులను సన్నగా రుద్ది గుండ్రం చేయమని ప్రత్యేకంగా చెప్పండి. ఫోర్ స్ట్రోక్ పనికే అలవాటుపడిన షాపులో ఈ మాట చెప్పకపోతే మరచిపోతారు.

లేత్ నుంచి వచ్చిన సిలిండర్‌ను పెట్రోలుతో కడిగితే సరిపోదు. వేడి నీళ్లు, బట్టల సబ్బు, బ్రష్షుతో రుద్దాలి. తెల్ల గుడ్డతో తుడిస్తే మరక అంటని వరకు కడిగి, వెంటనే ఆరబెట్టి టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్లకు వాడే ఆయిల్) రాయాలి. మీ ఊరి ఉప్పుగాలికి పచ్చి ఇనుము ఒక్క పూటలో తుప్పు పట్టగలదు. బిగించేటప్పుడు పిస్టన్ మీది బాణం గుర్తు ఎగ్జాస్ట్ వైపు ఉండాలి. రింగు కొసలు గాడిలోని చిన్న పిన్నుకు రెండు వైపులా కూర్చోవాలి. పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌కు కలిపే గడ్జియన్ పిన్ను పక్కన పెట్టే సర్క్లిప్‌లు తప్పనిసరిగా కొత్తవి కావాలి. పాతది ఊడి బయటికి వస్తే బోరు మొత్తం కోసుకుపోతుంది.

ఇక్కడితో పని అయిపోలేదు. ఇసుక పైకి చేరిందంటే కింది గదిలోనూ ఉంటుంది. సిలిండర్ తీసి ఉన్నప్పుడే కనెక్టింగ్ రాడ్‌ను పట్టుకుని పైకీ కిందికీ లాగి చూడండి. నిలువు దిశలో ఏ మాత్రం ఆట ఉండకూడదు. అడ్డంగా కాస్త కదలిక ఉండటం సహజం. నిలువు ఆట ఉంటే క్రాంక్ కూడా విప్పాలి. ఖర్చు పెరుగుతుంది, కానీ అరిగిన బేరింగు మీద కొత్త పిస్టన్ పెట్టడం డబ్బును ఇసుకలో పోయడమే. ఆట లేకపోతే కింది గదిని పెట్రోలు, టూటీ ఆయిల్ కలిపిన మిశ్రమంతో పలుమార్లు కడిగి వంచేయండి.

బిగించాక, స్టార్ట్ చేయకముందే గాలి పరీక్ష చేయించండి. ఎగ్జాస్ట్ పోర్టునూ కార్బురేటర్ గొట్టాన్నీ రబ్బరు బిరడాలతో మూసి, చేతి పంపుతో లోపలికి 6 పీఎస్‌ఐ గాలి ఎక్కించి 6 నిమిషాలు ఆగాలి. నిమిషానికి 1 పీఎస్‌ఐ కంటే వేగంగా పడిపోతే ఎక్కడో లీకు ఉంది. క్రాంక్ ఆయిల్ సీళ్లు, సిలిండర్ కింది గాస్కెట్, రీడ్ వాల్వ్ చుట్టూ సబ్బు నీళ్లు రాసి చూడాలి. 8 పీఎస్‌ఐ దాటించకండి, మంచి సీళ్లు కూడా ఊడిపోవచ్చు. ఈ పరీక్షకు పట్టే సమయం కొద్దే. సీల్ నుంచి దొంగగాలి లాగే ఇంజిన్‌లో మిశ్రమం పలచబడి, వేడి పెరిగి, కొత్త పిస్టన్ కూడా కరుగుతుంది. బ్లాస్టర్‌లో ఆయిల్ విడి ట్యాంకు నుంచి పంపు ద్వారా వస్తుంది కనుక, ఆ పంపులో గాలి బుడగలు లేకుండా తీయించడం, మొదటి ట్యాంకు పెట్రోలులో అదనంగా కాస్త ఆయిల్ కలపడం మంచిది.

చివరగా ఫిల్టర్. ఫోమ్ ఫిల్టర్‌ను పెట్రోలులో ముంచితే అతుకుల జిగురు వదిలిపోతుంది. కిరోసిన్‌తో, తర్వాత సబ్బు నీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, ఫిల్టర్ ఆయిల్ పట్టించి పిండాలి. పొడిగా ఉన్న ఫోమ్ సన్నని ఇసుకను ఆపలేదు, దాన్ని పట్టేది ఆయిల్ జిగటే. ఫిల్టర్ కూర్చునే అంచుకు పలచగా గ్రీజు రాయండి. ఇసుకలో తిరిగిన ప్రతి రోజూ ఫిల్టర్ డబ్బా మూత తీసి చూడండి. పని ఎక్కువ అనిపించవచ్చు గానీ, చెరువు గట్టు మీద బతికే టూ స్ట్రోక్ ఇంజిన్‌కు అంతకు మించిన వైద్యం లేదు.

ప్రశ్న: మాది కొత్తపట్నం. బీచ్‌లో పిల్లలకు అద్దెకిచ్చే 49 సీసీ చిన్న క్వాడ్‌లు రెండు ఉన్నాయి. తాడు లాగి స్టార్ట్ చేసేవి. వానాకాలం అంతా షెడ్డులో పెట్టి తీస్తే ఒకదానికి తాడు తేలిగ్గా వచ్చేస్తోంది, స్టార్ట్ కావడం లేదు. పెట్రోలులో ఆయిల్ ఎంత కలపాలో కూడా తలా ఒక మాట చెబుతున్నారు.

జవాబు: నడుస్తూ ఉన్న బండి షెడ్డులో నిలబడి కంప్రెషన్ పోగొట్టుకుంటే, అరుగుదల కంటే రింగు అతుక్కుపోవడాన్నే ముందుగా అనుమానించాలి. ఎగ్జాస్ట్ విప్పి, పై జవాబులో చెప్పినట్లు రింగును పుల్లతో నొక్కి చూడండి. కదలకపోతే ప్లగ్గు రంధ్రంలో కొద్దిగా కిరోసిన్, టూటీ ఆయిల్ కలిపి పోసి ఒక రాత్రి ఉంచి, మరునాడు తాడు నెమ్మదిగా లాగి చూడండి. చాలా సార్లు రింగు వదులుతుంది. వదలకపోతే సిలిండర్ తీసి, గాడిలోని మసిని విరిగిన పాత రింగు ముక్కతో గీకి శుభ్రం చేయాలి. స్క్రూడ్రైవర్ వాడితే గాడి పాడవుతుంది.

ఈ ఇంజిన్లలో దహన గది చాలా చిన్నది. కనుక పొడవైన గొట్టం ఉన్న కారు గేజ్ పెట్టి అంకె తక్కువ వచ్చిందని కంగారు పడవద్దు, ఆయిల్ పోసే పరీక్ష అసలే చేయవద్దు. చాలా వాటిలో సిలిండర్ లోపల గట్టి పూత మాత్రమే ఉంటుంది, ఇనుప స్లీవ్ ఉండదు. అటువంటి దాన్ని మామూలుగా బోరు చేయడం కుదరదు. పూత గీరుకుపోతే సిలిండర్, పిస్టన్ కలిపి సెట్టుగా మార్చుకోవడమే మార్గం.

ఆయిల్ విషయంలో బండితో వచ్చిన పుస్తకం మాటే చెల్లుతుంది. ఈ చిన్న క్వాడ్‌లలో చాలా వాటికి 25:1 అని రాసి ఉంటుంది. అంటే లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్. 40:1 అయితే 25 మిల్లీలీటర్లు, 50:1 అయితే 20 మిల్లీలీటర్లు. అంచనా మీద కాకుండా కొలపాత్రతో కొలిచి, వేరే డబ్బాలో బాగా కుదిపి పోయండి. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ ఆయిల్ కలపకండి, దాని మసి రింగులను త్వరగా అతికిస్తుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సముద్రం పక్కన సగం ఖాళీ ట్యాంకుతో నెలల తరబడి ఉంచిన మిశ్రమంలో నీరు అడుగున చేరి, ఆయిల్ సరిగ్గా అందకుండా పోవచ్చు. సీజను అయిపోగానే ట్యాంకు, కార్బురేటర్ రెండూ ఖాళీ చేసి పెట్టండి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఈ బండ్లకు ఇచ్చే ఎయిర్ ఫిల్టర్ చాలా చిన్నది, పొడి ఇసుక కోసం చేసింది కాదు. తడి ఇసుక మీదే నడిపించండి, ఒకదాని వెనుక ఒకటి దుమ్ములో పరుగెత్తనివ్వకండి. రెండో బండికి ఇంకా కంప్రెషన్ ఉంది కనుక, ఫిల్టర్ పని ఈ వారంలోనే దానితో మొదలుపెట్టడం మేలు.

ప్రశ్న: సింగరాయకొండ నుంచి రాస్తున్నాను. నా టూ స్ట్రోక్ క్వాడ్‌కు బోరు చేయించి కొత్త పిస్టన్ వేయించాను. గేజ్‌లో 125 పీఎస్‌ఐ వస్తోంది. అయినా వేడెక్కాక ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు. యాక్సిలరేటర్ వదిలినా కొంతసేపు ఇంజిన్ వేగం తగ్గదు. కంప్రెషన్ బాగుంటే ఇంకేమి తప్పు?

జవాబు: మీ గేజ్ చూపేది పిస్టన్ పైన ఉన్న కంప్రెషన్ మాత్రమే. టూ స్ట్రోక్‌లో పిస్టన్ కిందికి దిగేటప్పుడు క్రాంక్ గదిలోని మిశ్రమాన్ని కూడా నొక్కి పోర్టుల గుండా పైకి పంపుతుంది. ఆ కింది ఒత్తిడి సరిగ్గా లేకపోతే పైన 125 ఉన్నా పని జరగదు, పైన పెట్టిన గేజ్ ఆ సంగతి చెప్పలేదు. యాక్సిలరేటర్ వదిలినా వేగం తగ్గకపోవడం దొంగగాలికి స్పష్టమైన గుర్తు. కేబులు బిగుసుకోలేదని ఒకసారి చూసుకుని, మొదటి జవాబులో చెప్పిన 6 పీఎస్‌ఐ గాలి పరీక్ష చేయించే వరకు బండి నడపకండి. క్రాంక్‌కు మ్యాగ్నెట్ వైపు ఉన్న ఆయిల్ సీల్ పోతే బయటి గాలి లోపలికి వస్తుంది. క్లచ్ వైపు సీల్ పోతే గేర్ ఆయిల్ తగ్గుతూ తెల్లని పొగ దట్టంగా వస్తుంది. మీ గేర్ ఆయిల్ మట్టం ఒకసారి చూడండి, అది కూడా దారి చూపుతుంది.

రీడ్ వాల్వ్‌ను విప్పి వెలుగుకు ఎదురుగా పట్టుకోండి. రేకులు మూసుకున్నప్పుడు వెలుతురు ఎక్కువగా కనిపించినా, కొసలు చిట్లినా మార్చాలి. సీళ్లు, రీడ్‌లు అన్నీ బాగానే ఉండి, వేడి మీద మాత్రమే స్టార్ట్ కాకపోతే అప్పుడు స్పార్క్ వైపు వెళ్లాలి. స్పార్క్‌కు కరెంటు ఇచ్చే స్టేటర్ కాయిల్ చల్లగా ఉన్నప్పుడు బాగా పనిచేసి, వేడెక్కాక మొరాయించడం పాత బండ్లలో తరచూ కనిపిస్తుంది. బండి ఆగిపోయిన ఆ నిమిషంలోనే ప్లగ్గు తీసి స్పార్క్ చూడాలి. చల్లారాక చూస్తే ఏ లోపమూ కనిపించదు.

ప్రశ్న: ఒంగోలు నుంచి. హెడ్‌ను లేత్ మీద చెక్కించి కంప్రెషన్ పెంచితే అరిగిన ఇంజిన్‌కు మళ్లీ శక్తి వస్తుందని ఒకరు చెప్పారు. చేయించవచ్చునా?

జవాబు: వద్దు. అరిగిన బోరుకు హెడ్ చెక్కించడం వల్ల గేజ్‌లో అంకె కొద్దిగా పెరుగుతుంది కానీ, రింగుల పక్కనుంచి పోయే వాయువు అలాగే పోతుంది, సిలిండర్ గోడ అలాగే వేడెక్కుతుంది. పైగా దహన గది ఆకారం మారి, మామూలు పెట్రోలుతోనే ఇంజిన్ తట్టడం (నాకింగ్) మొదలవుతుంది. ఎయిర్ కూల్డ్ టూ స్ట్రోక్‌లో ఆ తట్టుడు పిస్టన్ తల అంచులను తినేసి, రంధ్రం పడే వరకు తీసుకెళ్తుంది. ముందు బోరు కొలిపించండి. వంగిన హెడ్‌ను సరిచేయడానికి అవసరమైనంత మేరకు రుద్దడం వేరే సంగతి, అందులో తప్పు లేదు.